ఛందస్సు తరగతిలో గణితం: కళాసమన్వయ బోధన – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పాఠశాల తరగతిలో కళలను విజ్ఞానశాస్త్రంతో, సాంకేతికతతో కలిపి బోధించాలన్న ఆలోచన జాతీయ విద్యావిధానం-2020 తరువాత విస్తృత ప్రచారం పొందింది. ఆచరణలో మాత్రం కళ చాలాచోట్ల పాఠానికి అలంకారంగానే మిగులుతోంది. నిజమైన సమన్వయాన్ని గుర్తించడానికి మూడు కొలబద్దలను ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాటి ఆధారంగా తెలుగు ఛందస్సు, గణితం, కంప్యూటరు బోధనల మధ్య గల సంబంధాన్ని, తోలుబొమ్మలాటకూ కాంతిశాస్త్రానికీ గల సంబంధాన్ని పరిశీలిస్తుంది. ఈ సమన్వయంలో తెలుగు ఉపాధ్యాయుని స్థానం ఏమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: కళాసమన్వయం, ఛందస్సు, ప్రస్తారం, అంశగణాలు, గురులఘువులు, తోలుబొమ్మలాట, బోధనాపద్ధతి.

1.0 ఉపోద్ఘాతం:

కళలు ఒక వైపు, శాస్త్రాలు మరొక వైపు నిలిచి పరస్పరం మాట్లాడుకోలేని స్థితి ఏర్పడిందని సి. పి. స్నో 1959లో కేంబ్రిడ్జిలో చేసిన ‘రెండు సంస్కృతులు’ ప్రసంగంలో ఆవేదన చెందాడు. భారతదేశంలో ఈ ఎడబాటును తగ్గించే ప్రయత్నాలు అంతకు ముందే ఉన్నాయి. కవిగా ప్రపంచానికి తెలిసిన రవీంద్రనాథ్ ఠాగూర్ 1937లో ‘విశ్వపరిచయ్’ అనే విజ్ఞానగ్రంథాన్ని బెంగాలీలో రాసి, భౌతికశాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమిచ్చాడు. తెలుగులో 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రను, శాస్త్రవిషయాలను ఒకే ప్రచురణ కార్యక్రమంలో భాగం చేసింది. ఇంకా వెనక్కి వెళితే, మహావీరాచార్యుని సంస్కృత గణితగ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. సాహిత్యచరిత్రకారులు ఎక్కువగా 11వ శతాబ్దివాడని భావించే ఈ కవి లెక్కను పద్యంలో చెప్పవలసివచ్చినప్పుడు తెలుగు గణిత పరిభాషను కూడా సమకూర్చుకోవలసివచ్చింది.

ఇంతటి నేపథ్యం ఉన్న భాషలో ఉన్నత పాఠశాల విద్యార్థి ఛందస్సును కంఠస్థం చేయవలసిన జాబితాగానే ఎదుర్కొంటున్నాడు. అదే విద్యార్థి ఇంటర్మీడియట్‌లో గణితం తీసుకుంటే ప్రస్తారాలు–సంయోగాలు అన్న అధ్యాయాన్ని కొత్త విషయంగా చదువుతాడు. ‘ప్రస్తారం’ అన్న మాట తన తెలుగు వ్యాకరణ సంప్రదాయం నుంచి వచ్చిందని అతనికి ఎవరూ చెప్పరు. ఈ వ్యాసానికి ప్రేరణ ఈ లోపమే.

2.0 కళాసమన్వయం – విధానపరమైన నేపథ్యం:

జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం-2005 కళలను పాఠశాల విద్యలో అంతర్భాగంగా పరిగణించాలని సూచించింది. కళలు, సంగీతం, నృత్యం, నాటకరంగాలపై ప్రత్యేక ఆధారపత్రం కూడా ఆ సందర్భంగా వెలువడింది. జాతీయ విద్యావిధానం-2020 నాలుగవ అధ్యాయంలో కళాసమన్వయాన్ని అన్ని పాఠ్యాంశాలకూ వర్తించే బోధనాపద్ధతిగా పేర్కొంది. కళలకూ శాస్త్రాలకూ మధ్య కఠినమైన విభజన ఉండరాదన్నది ఆ విధానపు మౌలికభావనల్లో ఒకటి. విజ్ఞానం, సాంకేతికత, ఇంజనీరింగ్, గణితాలను కలిపిన ‘స్టెమ్’ అన్న సంక్షిప్తనామంలో కళలను చేర్చి ‘స్టీమ్’ అనడం ప్రపంచవ్యాప్తంగా వాడుకలోకి వచ్చింది.

కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి 2020–21 నుంచి ఒకటి మొదలు పది తరగతుల వరకు కళాసమన్వయ ప్రాజెక్టులను తప్పనిసరి చేసింది. ‘ఏక్ భారత్ శ్రేష్ఠ్ భారత్’ కార్యక్రమంలోని జంట రాష్ట్రాల కళారూపాలతో ఈ ప్రాజెక్టులను అనుసంధానించింది. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా జంటలు. పొరుగు ప్రాంతపు కళ తెలుసుకోవడం మంచిదే. అయితే విద్యార్థికి చూడటానికి, వినటానికి, చేతితో తాకటానికి అందుబాటులో లేని కళ ప్రాజెక్టు వస్తువైనప్పుడు అంతర్జాలంలో దొరికిన బొమ్మను అట్టపై అతికించడమే మిగులుతుంది. తన ఊరి కళ, తన భాషలోని కళ పరిశోధనకు సిద్ధంగా ఉన్నా, దాని వైపు చూడవలసిన అవసరం విద్యార్థికి కలగదు.

3.0 అలంకారంగా కళ – మూడు కొలబద్దలు:

తరగతిగదిలో సమన్వయం పేరుతో తరచుగా కనిపించే రూపాలు కొన్ని ఉన్నాయి. సూత్రాన్ని పాటగా కట్టి పాడించడం, కిరణజన్య సంయోగక్రియను నాటికగా వేయించడం, గ్రహాలకు రంగులు వేయించడం వంటివి వీటిలో ముఖ్యమైనవి. ఇవి తరగతిలో ఉత్సాహాన్ని కలిగిస్తాయి, జ్ఞాపకశక్తికి తోడ్పడతాయి. కానీ పాటగా కట్టిన సూత్రం ఎందుకు నిజమో పాట చెప్పదు. ఆ పాట మంచి పాటా కాదా అని కూడా ఎవరూ అడగరు. అంటే విజ్ఞానశాస్త్రం లోతుగా అందలేదు, కళ కళగా గౌరవం పొందలేదు. రెండు విషయాలూ తమ స్థాయిని తగ్గించుకుని కలుసుకున్నాయి.

నిజమైన సమన్వయాన్ని గుర్తించడానికి మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి.

మొదటిది, ఆవశ్యకత. పాఠం నుంచి కళను తీసివేస్తే పాఠం నిలుస్తుందా? యథాతథంగా నిలిస్తే, అక్కడ ఉన్నది అలంకారం.

రెండవది, పరస్పరత. కళ వల్ల శాస్త్రం అర్థమైనట్లే, శాస్త్రం వల్ల కళ గురించి ముందు తెలియనిదేదైనా తెలిసిందా?

మూడవది, పరీక్షణీయత. విద్యార్థి పొరపడే అవకాశం ఉందా? తన పొరపాటును ఉపాధ్యాయుడు చెప్పకుండా తానే కనుక్కోగలడా? తప్పు జరిగే వీలులేని పనిలో నేర్చుకునే వీలు కూడా తక్కువ.

సూత్రాల పాట ఈ మూడింటిలో దేనికీ నిలవదు. తెలుగు ఛందస్సు నిలుస్తుందా అన్నది తరువాతి విభాగాల్లో పరిశీలితమవుతుంది.

4.0 ఛందస్సు – ప్రస్తారం:

గురువు, లఘువు అనే రెండే రకాల అక్షరాలతో మూడక్షరాల గణాలు ఎన్ని ఏర్పడతాయి? ఒక్కొక్క స్థానంలో రెండు అవకాశాలు కనుక 2 × 2 × 2 = 8. విద్యార్థి కంఠస్థం చేసే మ, య, ర, స, త, జ, భ, న గణాలు ఈ ఎనిమిదే. తొమ్మిదవ గణం ఎందుకు లేదు అన్న ప్రశ్న తరగతిలో వేస్తే జాబితా కాస్తా నిరూపణ అవుతుంది.

పింగళుని ఛందశ్శాస్త్ర సంప్రదాయం ఈ గణాలను ఒక క్రమంలో పేర్చింది. గురువును ‘గ’, లఘువును ‘ల’ అనుకుంటే ఆ క్రమం ఇలా ఉంటుంది: మగణం గగగ, యగణం లగగ, రగణం గలగ, సగణం లలగ, తగణం గగల, జగణం లగల, భగణం గలల, నగణం లలల. గురువుకు సున్న, లఘువుకు ఒకటి విలువనిచ్చి, ఎడమ నుంచి స్థానాలకు 1, 2, 4 విలువలు కేటాయిస్తే పై గణాలు వరుసగా 0 నుంచి 7 వరకు సంఖ్యలవుతాయి. ‘యమాతారాజభానసలగం’ అన్న ప్రసిద్ధ సూత్రంలో పది అక్షరాలే ఉన్నాయి. ఏ మూడు వరుస అక్షరాలు తీసుకున్నా ఒక గణం వస్తుంది, ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి. విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావలసిన సమాచారం పది అక్షరాల్లో ఇమిడింది. ఇంతకంటె తక్కువ అక్షరాల్లో ఇమడదని విద్యార్థి తానే నిరూపించగలడు. పది అక్షరాల వరుసలో మొదలయ్యే త్రికాలు సరిగ్గా ఎనిమిదే కదా.

4.1 వృత్తసంఖ్య:

ప్రస్తారంలో ఒక వృత్తం ఎన్నవదో చెప్పే ప్రక్రియను ఉద్దిష్టమని, సంఖ్యనుబట్టి వృత్తస్వరూపాన్ని చెప్పే ప్రక్రియను నష్టమని అంటారు. ఉత్పలమాలలో భ, ర, న, భ, భ, ర, వ గణాలు వస్తాయి. పాదానికి ఇరవై అక్షరాలు. ఇరవై అక్షరాల పాదాలు మొత్తం 10,48,576 రకాలుగా సాధ్యం. ఉత్పలమాల పాదంలో లఘువులు 2, 3, 5, 7, 8, 9, 11, 12, 14, 15, 17, 19 స్థానాల్లో ఉన్నాయి. ఆ స్థానాల విలువలైన 2, 4, 16, 64, 128, 256, 1024, 2048, 8192, 16384, 65536, 262144లను కూడితే 3,55,798 వస్తుంది. దానికి ఒకటి చేర్చితే 3,55,799. ఛందోగ్రంథాలు ఉత్పలమాలకు చెప్పే వృత్తసంఖ్య ఇదే. విద్యార్థి ఒక్క గణాన్ని తప్పుగా రాసుకున్నా ఈ సంఖ్య రాదు. మూడవ కొలబద్ద అయిన పరీక్షణీయత ఇక్కడ సహజంగా సమకూరింది.

ఉత్పలమాల మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు ఉంచితే చంపకమాల వస్తుందన్నది తెలుగు అధ్యాపకులకు తెలిసిన విషయం. శార్దూల, మత్తేభాల సంబంధమూ అదే. ఈ సంబంధాన్ని సంఖ్యల్లో చూస్తే ఒక చిన్న సూత్రం లభిస్తుంది. మొదట ఒక అక్షరం అదనంగా చేరడం వల్ల మిగిలిన లఘువులన్నీ ఒక్కొక్క స్థానం కుడికి జరుగుతాయి. వాటి విలువలన్నీ రెట్టింపవుతాయి. కొత్తగా చేరిన రెండు లఘువుల విలువ 1 + 2 = 3. కనుక మొదటి వృత్తపు సంఖ్య ‘న’ అయితే రెండవ వృత్తపు సంఖ్య ‘న’కు రెట్టింపు కంటె రెండు ఎక్కువ. ఉత్పలమాల 3,55,799 కనుక చంపకమాల 7,11,600. శార్దూలం 1,49,337 కనుక మత్తేభం 2,98,676. రెండు జంటలకూ ఒకే సూత్రం వర్తించడం యాదృచ్ఛికం కాదు, రెండు చోట్లా జరిగిన మార్పు ఒకటే కావడం దానికి కారణం.

యతిస్థానం కూడా ఈ మార్పును అనుసరిస్తుంది. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం. శార్దూలంలో 13, మత్తేభంలో 14. కానీ ప్రాస జరగదు. నాలుగు వృత్తాల్లోనూ అది రెండవ అక్షరమే. లెక్క ప్రకారం యతి జరిగినప్పుడు ప్రాస ఎందుకు జరగలేదు అన్న ప్రశ్న విద్యార్థిని గణితం నుంచి తిరిగి పద్యపఠనం వైపు నడిపిస్తుంది. ప్రాసస్థానం నిర్ణయించేది స్థానవిలువ కాదు, పాదారంభాన్ని చెవి గుర్తించే తీరు అన్న అవగాహనకు ఈ ప్రశ్న దారితీస్తుంది. సమన్వయం రెండు వైపులా నడవడమంటే ఇదే.

4.2 మాత్రలు – కందం:

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. ఒక మాత్రతో ఒకే రూపం (ల). రెండు మాత్రలతో రెండు (గ, లల). మూడు మాత్రలతో మూడు (లగ, గల, లలల). నాలుగు మాత్రలతో ఐదు: గగ, భ, జ, స, నల. కందపద్యంలో వాడే గణాలు సరిగ్గా ఈ ఐదే. నాలుగు మాత్రలతో ఆరవ గణం సాధ్యం కాదు కనుక కందంలో ఐదు గణాలున్నాయి.

ఈ సంఖ్యల్లో ఒక క్రమం ఉంది. ఏ రూపమైనా చివర లఘువుతోనో గురువుతోనో ముగియాలి. లఘువుతో ముగిస్తే మిగిలినది ఒక మాత్ర తక్కువ, గురువుతో ముగిస్తే రెండు మాత్రలు తక్కువ. కనుక ప్రతి సంఖ్యా దానికి ముందున్న రెండు సంఖ్యల మొత్తం: 1, 2, 3, 5, 8, 13. ప్రాకృత ఛందస్సును వివరించిన విరహాంకుడు, 12వ శతాబ్దిలో హేమచంద్రుడు ఈ క్రమాన్ని మాత్రావృత్తాల లెక్క కోసమే గుర్తించారు. ఇటలీకి చెందిన ఫిబొనాచ్చి 1202లో రాసిన గ్రంథంలో ఇదే క్రమం కుందేళ్ల సంతతి సమస్యగా కనిపిస్తుంది.

కందపు నియమాలు సంయోగాల అధ్యాయానికి తగిన అభ్యాసాన్ని ఇస్తాయి. మొదటి రెండు పాదాల్లో కలిపి ఎనిమిది గణాలు. బేసి గణం జగణం కారాదు కనుక 1, 3, 5, 7 స్థానాల్లో నాలుగేసి అవకాశాలు. రెండు, నాలుగు స్థానాల్లో ఐదేసి. ఆరవది నలమో జగణమో కావాలి కనుక రెండు. ఎనిమిదవది గురువుతో ముగియాలి కనుక గగ, స అనే రెండు. మొత్తం 25,600 రూపాలు. పాదాలన్నీ ఒకే రకం అక్షరంతో, గురువుతో గాని లఘువుతో గాని, మొదలుకావాలన్న నియమం చేర్చితే ఒకటవ, నాలుగవ గణాలకు కలిపి ఉన్న 20 జతలు 10కి తగ్గుతాయి, మొత్తం 12,800 అవుతుంది. నియమం కవి స్వేచ్ఛను ఎంత తగ్గిస్తుందో, తగ్గించాక కూడా ఎంత మిగులుతుందో ఇక్కడ కచ్చితంగా తెలుస్తుంది. ‘ఛందస్సు సంకెల’ అన్న వాదాన్ని చర్చించే సాహిత్యవిద్యార్థికి ఈ లెక్క ఒక కొత్త ఆధారం.

4.3 అంశగణాలు:

దేశి ఛందస్సులో సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6, చంద్రగణాలు 14. ఈ సంఖ్యలు విద్యార్థికి పొంతనలేనివిగా కనిపిస్తాయి. అంశల దృష్టితో చూస్తే పొంతన తెలుస్తుంది. మొదటి అంశ గురువు గాని, రెండు లఘువులు గాని కావచ్చు. తరువాతి ప్రతి అంశ గురువు గాని, ఒక లఘువు గాని కావచ్చు. ఆ లెక్కన రెండు అంశలకు 4, మూడు అంశలకు 8, నాలుగు అంశలకు 16 రూపాలు రావాలి. మొదటి అంశ తరువాత అన్నీ గురువులే అయిన రెండు రూపాలను తెలుగు ఛందస్సు ప్రతిచోటా వదిలివేసింది. సూర్యగణాల్లో గగ, లలగ. ఇంద్రగణాల్లో గగగ, లలగగ. చంద్రగణాల్లో గగగగ, లలగగగ ఇలా తొలగినవే. మిగిలినవి 2, 6, 14.

ఇక్కడ గణితం ఎన్ని రూపాలు తొలగాయో చెబుతుంది, ఎందుకు తొలగాయో చెప్పదు. దానికి తెలుగు పదాల ఉచ్చారణను, కన్నడ ఛందస్సుతో గల పోలికలను, గేయఫణితిని పరిశీలించాలి. ఒక ప్రశ్నను సూటిగా నిలబెట్టి సాహిత్యపరిశోధకునికి అప్పగించడం కూడా గణితం చేసే సేవే. మొదటి స్థానంలో గురువుకు బదులు రెండు లఘువులు రావడమన్న లక్షణం అంశగణాల్లోను, ఉత్పల–చంపకమాలల సంబంధంలోను కనిపించడం ఆ పరిశోధనకు గమనించదగిన పోలిక.

వేమన పద్యాల వల్ల ప్రతి విద్యార్థికీ పరిచయమైన ఆటవెలదిని తీసుకుంటే, మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు గల బేసిపాదం 2 × 2 × 2 × 6 × 6 = 288 రకాలు. ఐదు సూర్యగణాల సరిపాదం 32 రకాలు మాత్రమే. సరిపాదం బిగువుగా, సూక్తిలాగా వినిపించడానికి ఈ పరిమితి ఒక కారణం కావచ్చునా అన్నది పద్యాలను పైకి చదివి, గణవిభజన చేసి పరిశీలించవలసిన ప్రశ్న. తొమ్మిదవ తరగతి విద్యార్థులు సైతం ఈ పని చేయగలరు.

5.0 గురులఘు నిర్ణయం – యంత్రానికి నేర్పడం:

పాఠశాలల్లో కోడింగు బోధన వ్యాపిస్తున్న దశలో, పద్యపాదం ఇస్తే గురులఘువులను గుర్తించే చిన్న ప్రోగ్రామును స్క్రాచ్‌లో గాని పైథాన్‌లో గాని రాయించడం మంచి అభ్యాసం. మొదటి అడుగులోనే విద్యార్థికి అక్షరం అంటే ఏమిటన్న ప్రశ్న ఎదురవుతుంది. ‘స్త్రీ’ ఛందస్సులో ఒక అక్షరం. యూనికోడులో అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారపు గుర్తు అన్న ఆరు సంకేతాల వరుస. యంత్రం లెక్కపెట్టేది సంకేతాలను, చెవి లెక్కపెట్టేది అక్షరాలను. ఈ తేడాను పూరించడానికి విద్యార్థి వర్ణం, గుణింతం, ద్విత్వం, సంయుక్తం అన్న భావనలను తప్పులేకుండా నిర్వచించుకోవలసివస్తుంది. వ్యాకరణపు నిర్వచనం ఎందుకు కచ్చితంగా ఉండాలో అతనికి ఇంతకంటె బాగా తెలిసే సందర్భం అరుదు.

దీర్ఘాలు, సున్న, విసర్గ, పొల్లుతో కూడిన అక్షరాలు, సంయుక్తానికి ముందున్నవి గురువులన్న నియమాలను యంత్రానికి చెప్పడం సులభం. కష్టం ఆ తరువాత మొదలవుతుంది. ‘గజస్నానం’ అన్న సమాసంలో ‘జ’ గురువు. ‘ఏనుగు స్నానం’ అన్నప్పుడు తెలుగు పదం చివరనున్న ‘గు’ లఘువుగానే ఉంటుంది. అర్థం ఒకటే, సంయుక్తమూ ఒకటే, ఫలితం వేరు. ‘అద్రుచు’ వంటి మాటల్లో రవత్తును తేల్చి పలికినప్పుడు ముందక్షరం లఘువుగా నిలుస్తుంది. ఏది తత్సమసమాసమో, ఏది విడిపదమో, ఏది తేల్చి పలికేదో యంత్రానికి వ్రాతను చూసి మాత్రమే తెలియదు. ప్రోగ్రాము తప్పిన ప్రతిచోటా ఒక వ్యాకరణసూత్రం దాగి ఉంటుంది. ఆ తప్పుల జాబితా తయారుచేయడమే ఆ పాఠపు అసలు ఫలితం. తెలుగు ఉపాధ్యాయుడు లేకుండా ఈ పాఠం ముందుకు సాగదు కనుక ఆవశ్యకత అన్న కొలబద్ద కూడా నెరవేరుతుంది.

6.0 తోలుబొమ్మలాట – కాంతిపాఠం:

సమన్వయం పద్యానికే పరిమితం కాదని చూపడానికి ఒక దృశ్యకళను పరిశీలించాలి. ఆంధ్ర తోలుబొమ్మలాటలో పలుచగా, కాంతి ప్రసరించేటట్లు సిద్ధం చేసిన తోలుపై రంగులు వేస్తారు. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంట ఈ కళకు ప్రసిద్ధి చెందింది. ఆ కళాకారుల్లో ఒకరైన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

తెర వెనుక ఆడించేవారు బొమ్మను తెరకు ఆనించి నడుపుతారు. ఎందుకు? దీపం బిందువు కాదు, దానికి వెడల్పు ఉంది. బొమ్మ తెరకు దూరమైనకొద్దీ అంచు చుట్టూ పాక్షికచ్ఛాయ విస్తరిస్తుంది. దీపానికీ తెరకూ మధ్య 110 సెంటీమీటర్లు, దీపపు వెడల్పు 4 సెంటీమీటర్లు అనుకుందాం. బొమ్మ తెరకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అంచున మసక 4 × 10 ÷ 100 = 0.4 సెంటీమీటరు. 50 సెంటీమీటర్ల దూరానికి తీసుకువస్తే 4 × 50 ÷ 60, అంటే సుమారు 3.3 సెంటీమీటర్లు. నీడ పరిమాణమూ మారుతుంది. 30 సెంటీమీటర్ల బొమ్మ మొదటి సందర్భంలో 33, రెండవ సందర్భంలో 55 సెంటీమీటర్ల నీడనిస్తుంది. సరూప త్రిభుజాల పాఠం, కాంతి ఋజుమార్గంలో పయనిస్తుందన్న పాఠం ఇక్కడ ఒకటవుతాయి.

పరస్పరత ఇక్కడా కనిపిస్తుంది. నూనెదీపపు వెలుగులో నీలిభాగం తక్కువ కనుక ఎరుపు, పసుపు రంగులు మెరిసినట్లు నీలం మెరవదు. విద్యుద్దీపాలు వచ్చాక నీడ అంచు, రంగుల సమతౌల్యం, దీపశిఖ కదలికతో బొమ్మకు కలిగే చలనభ్రాంతి మారిపోతాయి. దీపం మారితే కళ ఏమి పొందింది, ఏమి పోగొట్టుకుంది అన్న ప్రశ్న భౌతికశాస్త్రం తెలిసిన విద్యార్థి మరింత స్పష్టంగా అడగగలడు. అది కళావిమర్శ ప్రశ్న. ఈ పాఠంలో నాటకం వేయించి చప్పట్లు కొట్టించడం కంటె, బొమ్మను తెర నుంచి దూరం జరిపి కొలతలు తీయించడం విలువైనది.

7.0 పరిమితులు – అభ్యంతరాలు:

ఈ పద్ధతిపై కొన్ని అభ్యంతరాలను పట్టించుకోక తప్పదు.

మొదటిది, గతవైభవ వ్యామోహం. ప్రస్తారంలో రెండు గుర్తులతో సాగే గణన ఉన్నదన్నది వాస్తవం. దానినిబట్టి పింగళుడు కంప్యూటరును కనుగొన్నాడని చెప్పడం శాస్త్రం కాదు, చరిత్ర కూడా కాదు. ద్విసంఖ్యామానంలో కూడిక, తీసివేత, గుణకారాలను వివరించిన లైబ్నిజ్ 1703 నాటి వ్యాసం ఉద్దేశం వేరు, ఛందోవేత్తల ఉద్దేశం వేరు. ఒకే రూపం వేర్వేరు అవసరాల నుంచి పుట్టవచ్చునన్నదే విద్యార్థి గ్రహించవలసిన విషయం. గర్వం కోసం చేసే పోలిక ప్రశ్నను ముగిస్తుంది, అవగాహన కోసం చేసే పోలిక ప్రశ్నను తెరుస్తుంది.

రెండవది, పద్యం సంఖ్యగా కుదించుకుపోయే ప్రమాదం. ఇరవై అక్షరాల పది లక్షలకు పైబడిన పాదరూపాల్లో తెలుగు కవులు విస్తారంగా వాడినవి రెండు మూడే. సంఖ్య ఆ ఎంపికను వివరించదు. వృత్తసంఖ్య లెక్కించిన తరగతి ఆ వృత్తంలోని మంచి పద్యాన్ని రాగయుక్తంగా చదవకుండా ముగిస్తే, పాటగా కట్టిన సూత్రం కళకు చేసిన అన్యాయాన్నే ఈ లెక్క కూడా చేసినట్లవుతుంది.

మూడవది, ఉపాధ్యాయుని సన్నద్ధత. తెలుగు ఉపాధ్యాయుడు గణితాన్ని, గణితోపాధ్యాయుడు ఛందస్సును మొత్తంగా నేర్చుకోవాలనడం అత్యాశ. ఇద్దరూ కలిసి ఏడాదికి రెండు మూడు పాఠాలు రూపొందించుకుని, ఒకే తరగతిలో నిలబడి బోధించడం సాధ్యమే. దానికి కాలపట్టికలో చోటు, ప్రధానోపాధ్యాయుని సహకారం అవసరం.

నాలుగవది, మూల్యాంకనం. పరీక్షలో ఒక పాదానికి గణవిభజన చేసి పద్యం పేరు రాయమని అడిగినంతకాలం కంఠస్థమే తరగతిని శాసిస్తుంది. ‘ఈ పాదంలో ఒక అక్షరం మార్చబడింది, ఎక్కడో కారణంతో చెప్పండి’ అన్న ప్రశ్న అదే మార్కులకు ఆలోచనను కోరుతుంది. అదనపు ఖర్చు ఏమీ లేని మార్పు ఇది.

ఐదవది, వర్తించని విషయాలు. ప్రతి శాస్త్రభావనకూ ఒక కళారూపం వెతకవలసిన అవసరం లేదు. రసాయన సమీకరణాన్ని తుల్యం చేయడానికి పద్యం అక్కరలేదు. ప్రతి పాఠంలోనూ సమన్వయం కావాలన్న నిర్బంధమే అలంకారానికి దారితీస్తోంది.

8.0 ముగింపు:

కళ విజ్ఞానశాస్త్రానికి తోడుగా వచ్చినప్పుడు తన నియమాలతో, తన కష్టంతో రావాలి. నియమాలను వదిలివేసి రంగులు, రాగాలుగా మాత్రమే వచ్చిన కళ పాఠానికి ఉపకరించదు. ఛందస్సు నియమబద్ధమైన కళ కనుకనే గణితంతో సమానస్థాయిలో సంభాషించగలుగుతోంది. తోలుబొమ్మలాట కాంతి నియమాలను చేతి అనుభవంగా మార్చుకున్న కళ కనుకనే భౌతికశాస్త్రానికి పాఠమవుతోంది.

తెలుగు శాఖలు ఈ విషయంలో ప్రేక్షకులుగా ఉండటానికి వీలులేదు. ఛందస్సును పాతబడిన విద్యగా భావించి పాఠ్యప్రణాళికల్లో కుదించే ధోరణి ఒకవైపు, కళాసమన్వయానికి వస్తువు దొరకక అట్టముక్కలతో సరిపెట్టుకునే ధోరణి మరొకవైపు కనిపిస్తున్నాయి. ఒకరు వద్దనుకుంటున్నది మరొకరు వెతుక్కుంటున్నదే. తెలుగు అధ్యాపకుడు ఈ రెండింటి మధ్య నిలబడి, తన పాఠంలోని ప్రస్తారం పక్క తరగతిలోని ప్రస్తారం ఒకటేనని చూపగలిగితే, ఛందస్సు తరగతిలో నిలవడానికి వేరే సమర్థన అవసరం ఉండదు. ఆ పని పాఠశాలలో మొదలుకావాలంటే, ఉపాధ్యాయ శిక్షణలోను, స్నాతకోత్తర స్థాయి ఛందోబోధనలోను ఉద్దిష్ట, నష్ట ప్రక్రియలకు తిరిగి చోటు కల్పించాలి. కళాసమన్వయ బోధన విషయంలో తెలుగు పరిశోధకులు తక్షణం చేపట్టదగిన కార్యం ఇది.